రాయనుకున్నది

శనగగింజంత రాయి గాజుగిన్నె అడుగున పడి ఉంది. ఆ పొద్దున్నే ఎవరో రోగి ఒంట్లోంచి తీసిన రాయి అది. గిన్నెలో ఉన్నది కూడా మనిషి మూత్రమే. నీలవేణి అందులో రెండు చుక్కలు వేసింది. ఆ చుక్కల్లో ఆమె తయారుచేసిన నలకలున్నాయి, ఇనుము కలిసిన, తమంతట తామే ఈదే రేణువులు, లక్షల్లో. కంటికి ఒక్కటీ ఆనదు. కాసేపటికి రాయి చుట్టూ విరిగిన పాలలా తెల్లటి తెర కట్టింది. అందరూ భోజనాలు చేసి వచ్చేసరికి గిన్నెలో రాయి లేదు. గంధం అరగదీసిన నీళ్ళలాంటి మడ్డి మాత్రం మిగిలింది.

"ఇన్నేళ్ళూ ఈ రాళ్ళే నాకు అన్నం పెట్టాయమ్మా," అన్నారు డాక్టర్ ఆశీర్వాదం, గిన్నెని కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తూ. ఆయన ఆ ఆసుపత్రిలో పెద్ద యూరాలజిస్టు. మూత్రపిండాల్లో రాళ్ళు తియ్యడంలో విశాఖపట్నంలో ఆయన చెయ్యి తిరిగిన మనిషి. "నువ్వేమో నా కంచం లాగేస్తున్నావు."

నీలవేణి నవ్వింది. ఆమె డాక్టరు కాదు, రసాయనశాస్త్రం చదివి పరిశోధనలోకి వచ్చిన మనిషి. ఆసుపత్రి వెనకాల ఉన్న ఈ ల్యాబు ఆమెదే.

"సరే, రాయి అయిపోయింది. ఒంట్లోకి వెళ్ళాక ఇవి ఆగకపోతే?" అని అడిగారాయన.

నీలవేణి ఇంకో గిన్నెని ముందుకు జరిపింది. అందులో ఇంకా సగమే అరిగిన రాయి చుట్టూ తెర సుళ్ళు తిరుగుతోంది. ఆ గిన్నెలో మూత్రాన్ని మెల్లగా తోడేసి ఉప్పునీరు పోసింది. తెర కాస్త కాస్తగా నెమ్మదించి, వరద తీసిన ఏటిలో ఒండ్రులా అడుక్కి దిగిపోయింది.

"మూత్రంలో ఉండే యూరియానే వీటికి తిండి సార్. తిండి ఉన్నంతసేపే ఈత. లేకపోతే పడుకుంటాయి. ఒక పగలూ రాత్రీ పస్తుంటే మళ్ళీ లేవవు. రాయిలోని సున్నం తప్ప ఇంకేదీ వీటి పంటికి ఆనదు."

"పళ్ళు కూడా పెట్టావన్నమాట," అన్నారాయన. కానీ ఆయన కళ్ళలో ఉన్నది వేళాకోళం కాదని నీలవేణికి తెలుసు.

రాళ్ళ మీద ఆమెకంత పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో ల్యాబులో అందరికీ తెలుసు. నీలవేణికి తల్లి చిన్నప్పుడే పోయింది. అన్న సన్యాసిరావు సాలూరులో మోటార్లకి వైండింగ్ చేస్తాడు. అన్న పెళ్ళిచేసుకుని తెచ్చిన నూకరత్నమే ఆమెకి జడలేసింది, అన్నం కలిపి పెట్టింది, పరీక్ష ఫీజు కట్టింది. నూకరత్నం బస్సు కండక్టరు. సాలూరు నుంచి ఘాట్ రోడ్డు ఎక్కి ఒడిశా సరిహద్దు దాకా వెళ్ళొచ్చే రూటు ఆమెది. మలుపు మలుపుకీ లోయ తప్ప ఆడమనిషి దిగి ఒక పక్కకి వెళ్ళడానికి చాటు ఉండదు. అందుకని డ్యూటీలో ఉన్నంతసేపూ నీళ్ళు ముట్టేది కాదు. "మా వదిన ఒంటె," అని నీలవేణి స్నేహితురాళ్ళకి గొప్పగా చెప్పేది.

నీలవేణి పదో తరగతిలో ఉండగా ఆ ఒంటె ఒక సాయంత్రం వంటింటి గచ్చు మీద పడి, పైటకొంగు నోట్లో కుక్కుకుని మెలికలు తిరిగింది. మూత్రపిండంలో రాయి. అప్పుడు బయటినుంచి తరంగాలతో దెబ్బలు కొట్టే మిషను కింద పడుకోబెట్టి రాయిని పొడి చేశారు. కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చింది. ఈమధ్య మూడోసారి వచ్చింది. ఈసారి రాయి పెద్దది. వీపున కన్నం పెట్టి తియ్యాలన్నారు.

"కన్నమెందుకు? నువ్వేదో చెదపురుగుల్ని పెంచుతున్నావు కదా, వాటినే వదులు," అంది నూకరత్నం ఫోనులో.

నలకల్ని మనుషుల మీద పరీక్షించడానికి అప్పటికే అనుమతి వచ్చింది. కొందరి ఒంట్లో రాళ్ళు కరిగి సుఖంగా ఇళ్ళకి వెళ్ళారు కూడా. నూకరత్నం అందరిలాగే వరసలో వచ్చి పేరు రాయించుకుంది. సొంత మనిషి కాబట్టి ఈ రోగి విషయంలో నీలవేణి ఏ నిర్ణయమూ చెయ్యకూడదని, గదిలోకి కూడా రాకూడదని ఆసుపత్రి కమిటీ షరతు పెట్టింది. ఆమె ఒప్పుకుంది. స్కానులో ఎడమ మూత్రపిండంలో పెద్ద రాయి, కింద మూత్రాశయం గోడ దగ్గర చిన్న రాయి కనిపించాయి. చిన్నది ఉంగరంలా గుండ్రంగా ఉంది.

"ఒకే ఖర్చుతో రెండు పెళ్ళిళ్ళు," అనుకుంది నీలవేణి ఆ ఫిల్ము చూసి. ఆ మాట తర్వాత ఆమెని చాలాకాలం పీడించింది.

*

ఆ రోజు పొద్దున్నే నూకరత్నం వీపుకి తిమ్మిరి మందిచ్చి, వెంట్రుకలాంటి సూదితో నలకల్ని మూత్రపిండంలోకి వదిలారు. నీలవేణి గాజు అద్దం అవతల నిలబడింది. అద్దంలోంచి వదిన ఆమెని చూసి చెయ్యూపింది, బస్సు కదిలేటప్పుడు డ్రైవరుకి ఊపినట్టు.

మధ్యాహ్నానికి స్కాను తెర మీద రాయి కరిగిపోయింది. ల్యాబులో కుర్రాళ్ళు పూతరేకులు తెప్పించారు. సన్యాసిరావు వరండాలో బెంచీ మీద కూర్చుని, ఎవరు కనపడితే వాళ్ళకి, "అది నా చెల్లెలు చేసిందేనండి," అని చెబుతున్నాడు. పని అయిపోయిన నలకలు మూత్రంతో కిందికి దిగి, అక్కడి చిన్న రాయినీ కరిగించి బయటికి వచ్చేస్తాయి. ఇక మిగిలింది అదే.

"ఒకసారి బాత్రూముకి వెళ్ళి రండమ్మా," అంది నర్సు, కొలతగిన్నె చేతికిచ్చి.

నూకరత్నం లేచింది. అంతదాకా నవ్వుతున్న మొహం ఎందుకో ముడుచుకుపోవడం నీలవేణి చూసింది. మంచం మీద చాలాసేపు పడుకుంది కదా, కాళ్ళు పట్టేసి ఉంటాయి అనుకుంది. బాత్రూము తలుపు మూసుకుంది. తర్వాత ఏదో కింద పడ్డ చప్పుడు.

నర్సూ ఆయా కలిసి ఆమెని మోసుకొచ్చి మంచం మీద వేశారు. ఒళ్ళంతా చెమట, మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. బీపీ మిషను రెండు వందల యాభై దాటి చూపించింది. గుండె గుర్రంలా పరిగెడుతోంది. నీలవేణి అద్దానికి రెండు చేతులూ ఆనించి నిలబడిపోయింది. ఏం చేశాను, దేన్ని పంపాను వదిన ఒంట్లోకి, అన్నదొక్కటే ఆమె బుర్రలో తిరుగుతోంది.

గదిలో ఉన్న జూనియర్ డాక్టరు మంచి చురుకైన పిల్ల. "నలకల రియాక్షన్ సార్, గుండె వేగం తగ్గించే ఇంజెక్షను ఇచ్చేస్తాను," అంటూ సూదిలోకి మందు లాగింది. ఆశీర్వాదం సరేనన్నట్టు తలూపబోయారు.

అంతలో నూకరత్నం కళ్ళు తెరిచింది. తల రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ఆ అమ్మాయి కంగారు చూసి జాలిపడ్డట్టుగా అంది, "బెంగెట్టుకోకమ్మా. నాకిది మామూలే. కాసేపు కూకుంటే పోద్ది."

ఆశీర్వాదం చెయ్యి ఎత్తి జూనియర్ని ఆపారు. "మామూలా? ఎప్పుడెప్పుడు వస్తుందమ్మా?"

ఆమె సిగ్గుపడింది. ప్రాణం మీదికొచ్చినా ఆ సిగ్గు వదల్లేదు. నర్సు వైపు తిరిగి, "ఒంటికెళ్ళినప్పుడల్లా," అంది.

"ఎన్నాళ్ళబట్టి?"

"ఏళ్ళయ్యింది బాబూ. గుండె దడదడా కొట్టేసుకుంటాది. తల పగిలిపోద్ది. కుళాయి గొట్టం పట్టుకుని అలగే కూలబడిపోతాను. తగ్గినాక వస్తాను. ఈసారే తగ్గనేదు."

ఆశీర్వాదం ఆ సూదిని జూనియర్ చేతిలోంచి తనే తీసుకుని పక్కన పెట్టేశారు. స్కాను చేసేవాడితో మూత్రాశయం మీద పెట్టమన్నారు. తెర మీద ఆ ఉంగరం లాంటి చిన్న రాయి ఉన్నచోటే ఉంది. దాని చుట్టూ నలకలు ముసిరి మిణుగురుల్లా మెరుస్తున్నాయి.

ఆయన తలుపు తీసి, "నీలవేణీ, లోపలికి రా. కమిటీకి నేను చెప్పుకుంటాను," అన్నారు.

ఆమె లోపలికి వచ్చి స్కాను తెర ముందు నిలబడింది.

"అది రాయి కాదమ్మా," అన్నారాయన మెల్లగా. "మూత్రాశయం గోడలో కణితి. చాలా అరుదు. నా సర్వీసులో ఒక్కటి చూశాను. భయమేస్తే ఒంట్లో ఊరే రసం ఉంటుంది చూడు, గుండె దడ పుట్టించేది, దాన్ని ఈ కణితి తనంతట తనే తయారుచేస్తుంది. మూత్రాశయం ముడుచుకున్నప్పుడల్లా దీని మీద ఒత్తిడి పడి ఆ రసం రక్తంలోకి చిమ్ముతుంది. దీని చుట్టూ సున్నం పేరుకుంది. మనం రాయనుకున్నాం. నీ నలకలూ రాయనుకున్నాయి. ఇప్పుడు దాన్ని కొరుకుతున్నాయి. అందుకే తగ్గట్లేదు."

జూనియర్ డాక్టరు మొహం పాలిపోయింది. కణితి సంగతి తెలియకుండా ముందు గుండె వేగం తగ్గించే మందిస్తే, బిగుసుకున్న రక్తనాళాలు సడలక బీపీ ఇంకా ఎక్కేసి ప్రాణమే పోవచ్చని ఆ అమ్మాయికి పుస్తకంలో చదివిన పాఠం అప్పుడు గుర్తొచ్చింది. రక్తనాళాల్ని సడలించే మందు వేరే ఉంది. ఆశీర్వాదం అది ఎక్కించమన్నారు.

"మందు పట్టి ఉంచుతుంది. కానీ అవి కొరుకుతున్నంతసేపూ ఇది ఆగదు," అన్నారు. "అయస్కాంతం పెట్టి లాగేద్దామా?"

"వద్దు సార్, లాగితే దాన్ని ఇంకా చీరేస్తాయి," అంది నీలవేణి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "పస్తు పెడదాం. సన్నటి గొట్టం వేసి మూత్రం ఎప్పటికప్పుడు తీసేస్తూ ఉప్పునీరు పారిద్దాం. గోరువెచ్చగా, చాలా నెమ్మదిగా. మూత్రాశయం నిండకూడదు, ముడుచుకోకూడదు. రేపటికి అన్నీ చచ్చిపోతాయి."

అలాగే చేశారు. నీళ్ళ సీసా ఎంత ఎత్తున వేలాడాలో నీలవేణే చూసి కట్టింది. తెర మీద మెరుపు తగ్గుతూ తగ్గుతూ ఒక్కొక్క చుక్కే ఆరిపోయింది. బీపీ అంకె మెట్లు దిగినట్టు దిగింది. నూకరత్నం ఒక నిట్టూర్పు విడిచి, చెమట పట్టిన చేత్తో మరదలి చెయ్యి తడిమింది.

"నీ చెదలు పడుకున్నాయేటి?"

"పడుకున్నాయి వదినా."

"పాపం, వాటికి మాత్రం ఏటి తెల్సు," అంది నూకరత్నం, కళ్ళు మూసుకుంటూ.

*

కణితి తియ్యాలంటే ముందు కొన్ని రోజులు మందులు వాడి రక్తనాళాల్ని మెత్తబరచాలి. తొందరపడితే బల్ల మీదే ప్రమాదం. నూకరత్నాన్ని విశాఖలో నీలవేణి ఇంట్లోనే ఉంచారు. కాళ్ళు నేల మీద పెట్టగానే తల తిరిగేది, మందుల మహిమ. నాళాలు సడలి బీపీ మరీ పడిపోకుండా ఉప్పు బాగా తినమన్నారు, నీళ్ళు బాగా తాగమన్నారు. మూత్రానికి గొట్టం ఉంది కాబట్టి మూత్రాశయం నిండటమూ లేదు, ముడుచుకోవడమూ లేదు. సన్యాసిరావు దుకాణం మూసేసి వచ్చి చెల్లెలి వంటింట్లో మునక్కాడలు కోశాడు, ఎండుచేపలు వేయించాడు, ఎక్కడి గిన్నె అక్కడ పెట్టకుండా నీలవేణి చేత తిట్లు తిన్నాడు.

ఒక మధ్యాహ్నం నీలవేణి మంచం పక్కన చేరి అడిగింది, "ఎందుకు చెప్పలేదు వదినా?"

"చెప్పకేటి? ఒకసారి ఒక డాక్టరుకి చెప్పినాను. నరాల బలహీనతని నిద్దర బిళ్ళలిచ్చినాడు. అవేసుకుని బస్సులో టిక్కెట్లు కొట్టమంటావేటి? మీ అన్నకి చెప్తే దిగులెట్టుకుంటాడు. ఇంక నీకు చెప్దామంటే, ఇలాటివి ఆడపడుచుకి ఎలగ చెప్తాం?"

"నేను ఆడపడుచుని మాత్రమే కాదు వదినా, ఈ పనే చేసేదాన్ని."

"అది మాకు గుర్తుంటాదేటి," అంది నూకరత్నం నవ్వి. తర్వాత నెమ్మదిగా, "నీళ్ళు తాగితే ఒంటికెళ్ళాల. ఎళ్తే అది ఒచ్చీసేది. అందుకని నీళ్ళు తాగడమే మానీసినాను," అంది.

వదిన నీళ్ళు తాగకపోవడం రూటు వల్లే అని ఇంటిల్లిపాదీ నమ్మారు. రూటు లేని రోజుల్లో, పండగల్లో, పెళ్ళిళ్ళలో కూడా ఆమె గ్లాసు అందుకుని పెదవులు తడుపుకుని పక్కన పెట్టేసేది. నీలవేణి అది ఎన్నిసార్లో చూసింది. చూసి, ఒంటె అని నవ్వింది. రాయి గురించి ప్రపంచంలో ఎవరు ఏం రాసినా చదివింది. ఈ మనిషికి రాయి ఎందుకు వస్తోందని మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఆమె వదిన పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఒత్తుతూ కూర్చుంది. వంటింట్లోంచి సన్యాసిరావు అంతా విన్నట్టున్నాడు. చాలాసేపు అక్కడ గరిటె చప్పుడు లేదు.

ఆ వారంలోనే ఆసుపత్రి డైరెక్టరు గారు నీలవేణిని పిలిపించారు. ఆయన మొహం వెలిగిపోతోంది. ఎవరికీ అంతుపట్టని కణితిని నలకలు పట్టుకున్నాయని పత్రికల వాళ్ళకి చెబుదామన్నారు.

"అవి పట్టుకోలేదు సార్. పొరబడ్డాయి," అంది నీలవేణి. "మేమూ పొరబడ్డాం. మా వదిన నోరు తెరిచి ఆ ఒక్క మాట అనకపోతే ఆవిణ్ణి చంపేసి ఉండేవాళ్ళం. ఇలాంటి కణితి ఇంకొకరికి ఉందో లేదో ముందే తేల్చే పరీక్ష వచ్చేదాకా ఎవరి ఒంట్లోకీ వీటిని వదలను. జరిగింది జరిగినట్టు రాసిస్తాను. అదే చెప్పండి."

డైరెక్టరు చాలాసేపు నచ్చజెప్పి చూశారు. చివరికి, "నీ ఇన్నేళ్ళ కష్టం కదమ్మా," అన్నారు. ఆ మాట మాత్రం ఆమెకి లోపలెక్కడో గుచ్చుకుంది. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చింది.

ఆ మర్నాడు, వరసలో తర్వాత ఉన్న పొందూరు నేతగాడికి తనే విషయం చెప్పింది. నలకలు లేవని, పాత పద్ధతిలో వీపున చిన్న కన్నం పెట్టి రాయి తీస్తారని. అతను అంతా విని, "మీ ఇంటి మనిషి మీద పడ్డాక మా మీద ఒదలకుండా ఆపినారు కదమ్మా, అది చాల్లెండి," అన్నాడు. ఆ మెచ్చుకోలుకి ఆమె తల ఎత్తలేకపోయింది. ఇంకొకరి ఇంటి మనిషి మీద పడి ఉంటే తను ఆపేదా? ఆపేదాన్నే అనుకుంది. అలా అనుకోవడం తప్ప తేల్చుకునే దారి లేదు.

*

ఆపరేషను రోజు పొద్దున్నే తీసుకెళ్ళి, మధ్యాహ్నం దాటాక తీసుకొచ్చారు. ఆ మధ్య కాలమంతా అన్నాచెల్లెళ్ళు ఒకే బెంచీ మీద, ఎదురుగోడ మీద ఉన్న చేతులు కడుక్కునే విధానం పటాన్ని చూస్తూ గడిపారు. సన్యాసిరావు ఒక్కసారే నోరు విప్పాడు. "పక్కనే పడుకున్నాను నీలా ఇన్నేళ్ళూ. పక్క మనిషికి ఏటవుతుందో తెల్సుకోలేకపోయినాను."

"నాకూ తెలీలేదన్నా," అంది ఆమె.

ఆశీర్వాదం టోపీ తీసుకుంటూ వచ్చి వాళ్ళ పక్కనే బెంచీ మీద కూలబడ్డారు. మనిషి బాగా అలిసిపోయాడు. "రేగుపండంత ఉంది. మహా పొగరుబోతు. చెయ్యి తగిలితే చాలు, బీపీ ఎగిరిపోయేది. చేతులు వెనక్కి తీసుకుని నిలబడేవాణ్ణి. మత్తు డాక్టరు మందు సర్ది తలూపాక మళ్ళీ మొదలు. దాని రక్తనాళం కట్టేసిన తర్వాత ఉన్నట్టుండి బీపీ పడిపోయింది, అది ముందే అనుకున్నదే, పట్టుకున్నాం. ఆ కాస్త గోడతో సహా తీసి కుట్టేశాను. మిగిలిన మూత్రాశయం బాగుంది." ఆయన టోపీ ఒళ్ళో పెట్టుకుని అన్నారు, "నాకు కంచం ఇంకా ఉన్నట్టే ఉందమ్మా."

నీలవేణి నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

పరీక్షలో కణితి గోడ దాటి ఎక్కడికీ పాకలేదని తేలింది. ఏటా వచ్చి చూపించుకోవాలి, ఇలాంటివి ఎప్పుడో మళ్ళీ తలెత్తే అవకాశం ఉంటుంది, ఆ కాపలా జీవితాంతం తప్పదు. "ఏటికోసారేనా, రమ్మంటే రానా," అంది నూకరత్నం.

గోడ మానాక ఒక పొద్దున్న గొట్టం తీసేశారు. నర్సు బీపీ పట్టీ సిద్ధంగా పట్టుకుని నిలబడింది. నూకరత్నం బాత్రూము గుమ్మం దాకా నడిచి ఆగిపోయింది. తలుపు చెక్క మీద చెయ్యి వేసింది గానీ తొయ్యలేదు. ఘాట్ రోడ్డులో బ్రేకు పట్టని బస్సులో నిలబడి జనాన్ని గదమాయించి కూర్చోబెట్టిన మనిషి.

"నేను ఇక్కడే ఉంటాను వదినా. గడియ వెయ్యకు."

నూకరత్నం తలూపి లోపలికి వెళ్ళింది. వరండాలో సన్యాసిరావు లేచి నిలబడ్డాడు. నీలవేణి తలుపుకి చెవి ఆనించకుండా ఉండలేకపోయింది. కుళాయి చుక్కలు పడుతున్నాయి. తర్వాత ఆ చప్పుడు, మామూలు చప్పుడు. తర్వాత ఏమీ లేదు. కింద పడ్డ చప్పుడు లేదు, మూలుగు లేదు. నీళ్ళు పోసుకున్న చప్పుడయ్యింది. అయినా తలుపు తెరుచుకోలేదు. నీలవేణి పిలవబోయి, తమాయించుకుంది.

తలుపు తెరుచుకుంది. నూకరత్నం నిలబడే ఉంది. చెమట లేదు. గోడ పట్టుకోలేదు. నర్సు గబగబా పట్టీ కట్టి చూసి, "నూట ఇరవై," అంది. ఆ అంకె నూకరత్నం చెవికెక్కినట్టు లేదు. ఆమె ఏదో ఆలోచనలో ఉంది. మరదలి భుజం మీద చెయ్యి వేసి, ఎవరూ వినకుండా చెవి దగ్గరికి వంగి అడిగింది.

"అందరికీ ఇలగే ఉంటాదేటి నీలా?"

"ఇలగే ఉంటాది వదినా," అంది నీలవేణి.